ఆదివారం పొద్దున ఎవరిది?

శనివారం రాత్రి పడుకోబోయే ముందు ఒకరు అంటారు, "రేపు పొద్దున్నే సైక్లింగ్‌కి వెళ్తున్నా. రెండు గంటల్లో వచ్చేస్తా." రెండోవాళ్లు "సరే" అంటారు. ఆ సరేలో సరే ఎంతుందో మర్నాడు పదకొండింటికి గానీ బయటపడదు.

అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఇద్దరి లెక్కలే వేరు. వెళ్లినవాళ్లకు రెండు గంటలంటే సైకిల్ మీద ఉన్న రెండు గంటలు. ఇంట్లో ఉన్నవాళ్లకు లెక్క శనివారం సాయంత్రమే మొదలైంది. టైర్లలో గాలి చూసుకోవడం, బట్టలు తీసి పెట్టుకోవడం, పెందలాడే లేవాలని తొమ్మిదిన్నరకే లైటు ఆర్పేయడం. నాలుగున్నరకు అలారం మోగితే మెలకువ వచ్చింది ఇద్దరికీ. రైడ్ అయ్యాక జట్టుతో అరగంట కబుర్లు అనుకున్నవి గంటయ్యాయి. ఇంటికొచ్చాక స్నానం, సైకిల్ తుడుచుకోవడం, "కాస్త నడుం వాలుస్తా" అని గంటన్నర నిద్ర. మనిషి మళ్లీ ఇంటికి అందుబాటులోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా చంటివాడికి రెండుసార్లు బట్టలు మార్చడం, వాషింగ్ మెషీన్ రిపేరుకి వస్తానన్న మనిషి కోసం కాచుకోవడం, పెద్దదాని హోంవర్క్ అన్నీ ఒక్కరి మీదే పడ్డాయి.

హాబీల గురించీ, స్నేహితుల గురించీ జంటల మధ్య నడిచే గొడవల్లో చాలా వాటికి మూలం ఈ రెండు గడియారాలే. "నేను కాస్త సరదాగా ఉన్నా ఓర్వలేవు" అని ఒకరు, "నీకసలు ఇల్లు పట్టదు" అని మరొకరు. నిజానికి ఆ సరదా మీద ఎవరికీ పగ లేదు. ఒక మనిషి ఇంట్లో లేని సమయానికి ఇంట్లో ఒక ఖరీదు ఉంటుంది. దాన్ని ఎవరు కడుతున్నారన్న మాట మాత్రం ఎప్పుడూ పైకి రాదు. గొడవంతా సైకిల్ పేరు మీదే జరిగిపోతుంది, అందుకే ఎన్నిసార్లు జరిగినా తెగదు.

చెప్పి వెళ్లేవారు, అడిగి వెళ్లేవారు

ఒక్క వారం గమనిస్తే చాలు, చాలా ఇళ్లలో ఈ తేడా కనిపిస్తుంది. ఒకరు "శుక్రవారం ఫ్రెండ్స్‌తో బయటికెళ్తున్నా" అంటారు. ఇంకొకరు "శుక్రవారం మా బ్యాచ్ వాళ్లంతా కలుస్తున్నారట. నీకేమైనా పనుందా? పిల్లల్ని చూసుకోగలవా?" అంటారు. మొదటివారు సమాచారం ఇస్తున్నారు, రెండోవారు దరఖాస్తు పెడుతున్నారు. దరఖాస్తు ఎప్పుడూ మంజూరవుతూనే ఉన్నా, అది దరఖాస్తే. "నేనెప్పుడైనా వద్దన్నానా?" అని ఆశ్చర్యపోయేవాళ్లకు అందని సంగతి ఇదే. వద్దనకపోవచ్చు. ఒకరు మాత్రమే అడగాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చిందన్నదే ప్రశ్న.

చొరవ, మొహమాటం లాంటి స్వభావాల వల్ల ఈ తేడా వచ్చిందనుకుంటారు గానీ, ఎక్కువగా ఇంటి పని ఎవరి పేరు మీద నమోదై ఉందన్న దాన్ని బట్టే వస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే పిల్లలు ఎవరి బాధ్యతో, వాళ్లు గడప దాటాలంటే తమ చోట ఇంకొకరిని నిలబెట్టి వెళ్లాలి. ఆ బాధ్యత పేరు మీద లేనివాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోవచ్చు.

దీనికి అంకెలు ఉన్నాయి. మన దేశంలో గణాంక విభాగం 2019లో తొలిసారి దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటివాళ్ల కోసం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 97 కూడా ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల సగటే. అసలు పెట్టనివాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. అమెరికాలో కార్మిక గణాంకాల విభాగం 2003 నుంచి ఇలాంటి సర్వే నడుపుతోంది. అక్కడా విశ్రాంతికి, వినోదానికి మగవాళ్లకు దొరికే సమయం ఆడవాళ్ల కన్నా రోజుకు అరగంట, ఆ పైన ఎక్కువగా కనిపిస్తుంది. అరగంటేగా అనిపిస్తుంది. వారానికి మూడున్నర గంటలు. కబుర్లతో సహా ఒక సైకిల్ రైడ్ అందులో పట్టేస్తుంది.

ఎంత తీరిక అన్నది ఒక లెక్కయితే, ఎలాంటి తీరిక అన్నది ఇంకో లెక్క. అమెరికన్ సమాజ శాస్త్రవేత్తలు మేరీబెత్ మాటింగ్లీ, సుజాన్ బియాంకీ 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండో లెక్క తీశారు. ఆడవాళ్ల ఖాళీ సమయంలోకి వేరే పనులు, పిల్లలు ఎక్కువగా చొరబడుతున్నాయని వాళ్లు గమనించారు. సీరియల్ చూస్తూ బట్టలు మడతపెట్టే మనిషికి ఆ గంట తీరిక కింద రాయాలా, పని కింద రాయాలా? సర్వే ఫారంలో రెండూ రాయొచ్చు. ఇంట్లో వాదన వచ్చినప్పుడు మాత్రం "ఇందాకంతా టీవీ ముందే కూర్చున్నావుగా" అన్న ఒక్క మాటే మిగులుతుంది.

మనిషి బయటికి వెళ్లినా తలలో నడిచే పని ఆగదు. అలిసన్ డామింజర్ అనే సమాజ శాస్త్రవేత్త 2019లో ఈ కనిపించని పనిని నాలుగు భాగాలుగా విడదీసి చూపించారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, అది సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం. ఆవిడ మాట్లాడిన జంటల్లో నిర్ణయం చాలావరకు ఇద్దరూ కలిసే తీసుకుంటున్నారు. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండటం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల వంతే అవుతోంది.

సంగీతం క్లాసులో కూర్చున్న ఒక తల్లి ఫోన్ చూస్తే ఇది అర్థమవుతుంది. పదిన్నరకు మెసేజ్: "బాబు మందు ఎన్ని ఎంఎల్?" ఐదు నిమిషాలకు: "డ్రాపర్ ఎక్కడ పెట్టావ్?" ఇంకో రెండు నిమిషాలకు: "సరే దొరికింది. నువ్వు ఎంజాయ్ చెయ్." చివరి మాటలో ప్రేమే ఉంది. కానీ ఆ గంటలో కీర్తన మీద మనసు నిలిచింది ఎంతసేపన్నది వేరే విషయం. ఇంట్లో ఉన్న నాన్న నిజంగానే పిల్లవాణ్ని చూసుకున్నాడు, మందు కూడా వేశాడు. ఇల్లు నడిపే బాధ్యత మాత్రం క్లాసు గదిలోనే కూర్చుని ఉంది.

ఈ పాత్రలు తారుమారైన ఇళ్లూ ఉన్నాయి. భార్య షిఫ్టుల్లో పనిచేస్తూ, భర్త ఇంటి నుంచి పనిచేసే చోట అడిగి వెళ్లేది భర్తే అవుతాడు. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఉండే ఇళ్లలోనూ ఎవరో ఒకరి పేరు మీద ఇల్లు నమోదై ఉండొచ్చు. అంకెలు ఒక వైపు మొగ్గుతున్నాయి కదా అని ప్రతి ఇంట్లో దోషిని ముందే తేల్చేయడం తొందరపాటు.

అన్నీ కలిసే చేసుకోవచ్చుగా

ఇంత తంటా ఎందుకు, ఇద్దరూ కలిసే ఏదో ఒకటి చేసుకుంటే పోదా అన్న సలహా బాగా వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, కలిసి కొత్తగా, ఉత్సాహంగా అనిపించే పని చేసిన జంటలు తమ బంధం గురించి మరింత సంతృప్తిగా చెప్పారు. ఇక్కడ కొత్తగా అన్న షరతు ముఖ్యం. ఒకే సోఫాలో చెరో ఫోన్ పట్టుకుని కూర్చోవడం దీని కిందికి రాదు.

ఆ సలహాతో చిక్కు ఏమిటంటే, కలిసి చేసేది ఎవరికి ఇష్టమైనదో అది అడగదు. డ్యూయేన్ క్రాఫర్డ్, టెడ్ హస్టన్ తదితర పరిశోధకులు కొన్ని జంటల్ని పెళ్లైన కొత్తల్లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. భర్తకు మాత్రమే ఇష్టమైన పనుల మీద ఎక్కువ సమయం గడిచిన చోట భార్యల అసంతృప్తి పెరిగింది. ఆ పనులు భర్త ఒక్కడే చేసినా, ఇద్దరూ కలిసి చేసినా ఫలితం అటే మొగ్గింది. పైగా అది రెండు వైపులా నడిచింది: అసంతృప్తి పెరిగిన చోట అలాంటి సమయమూ పెరిగింది. అంటే క్రికెట్ మ్యాచ్‌కి భార్యను వెంట తీసుకెళ్లినంత మాత్రాన ఆ ఆదివారం ఇద్దరిదీ అయిపోదు. "నిన్ను కూడా తీసుకెళ్లాగా" అనే వాదనకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

ఇక విడిగా గడిపే సమయం ఎందుకు కావాలన్నది. దీనికి జనం సాధారణంగా చెప్పే కారణం "కాస్త బ్రేక్ కావాలి" అని. ఇంకా గట్టి కారణాలున్నాయి. జీవిత భాగస్వామే ప్రాణ స్నేహితుడు, సలహాదారు, ఓదార్చేవాడు, నవ్వించేవాడు, కలల్ని ప్రోత్సహించేవాడు కూడా కావాలని ఈ కాలం కోరుకుంటోంది. పెళ్లి మీద ఇంత బరువు పెట్టి, దాన్ని మోయడానికి కావలసిన సమయం మాత్రం ఇవ్వడం లేదన్నది మనస్తత్వ శాస్త్రవేత్త ఎలీ ఫింకెల్ వాదన. బరువు దించుకునే దారుల్లో ఒకటి, కొన్ని అవసరాలను వేరేవాళ్లతో తీర్చుకోవడం. ఎలైన్ చెయుంగ్, వెండీ గార్డ్‌నర్, జేసన్ ఆండర్సన్ 2015లో ప్రచురించిన పరిశోధన కూడా దీనికి దగ్గరగానే ఉంది. బాధ కలిగినప్పుడు ఒకరు, కోపం వచ్చినప్పుడు ఇంకొకరు, సంతోషం పంచుకోవడానికి మరొకరు అన్నట్టు వేర్వేరు మనుషుల్ని ఆశ్రయించేవాళ్లు, అన్నిటికీ ఒకరిద్దరి మీదే ఆధారపడేవాళ్ల కన్నా జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు కనిపించింది. ఆఫీసు రాజకీయాల మీద గంటసేపు తిట్టుకోవడానికి అదే ఆఫీసులో పనిచేసిన స్నేహితురాలుంటే, రాత్రి ఇంట్లో భర్తతో వేరే మాటలు మాట్లాడుకోవచ్చు.

స్నేహాలు మాత్రం వాటంతటవి నిలబడవు. మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం చెప్పిన దాని ప్రకారం ప్రేమలో పడ్డ మనిషి అత్యంత సన్నిహితుల వలయంలోంచి సగటున ఇద్దరు దూరమవుతారు. కన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ఇంకో లెక్క ఇచ్చారు. పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితులనిపించుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన కలిసి గడపాలట. కొత్త ఊరికి మారిన జంట సంగతి ఈ లెక్కలో పెట్టి చూడండి. నెలకు ఒక సాయంత్రం, మూడేసి గంటలు దొరికితే ఒక దగ్గరి స్నేహానికి ఐదేళ్లకు పైనే పడుతుంది. ఉద్యోగం కోసం ఒకరి వెంట ఇంకొకరు వచ్చిన ఇళ్లలో, ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆ గంటలు ఆఫీసులోనే అడక్కుండా దొరుకుతాయి. వెంట వచ్చినవాళ్లు మాత్రం ప్రతి గంటా అడిగి తెచ్చుకోవాలి. వాళ్లు ఇంట్లో కూర్చుని భాగస్వామి మీదే ఆధారపడుతున్నారని విసుక్కునే ముందు ఈ కూడిక ఒకసారి వేసుకోవాలి.

సరదా ఎక్కడ ఆగి పారిపోవడం ఎక్కడ మొదలవుతుంది

అయితే ప్రతి హాబీనీ వెనకేసుకు రాలేం. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వాలెరాండ్ 2003 నుంచి వ్యాపకాల పట్ల ఉండే మక్కువను రెండు రకాలుగా విడదీస్తూ వచ్చారు. ఒక రకంలో మనిషి దాన్ని పట్టుకుంటాడు, కావాలంటే పక్కన పెట్టగలడు. జీవితంలో మిగతా వాటికి చోటు ఉంటుంది. రెండో రకంలో అదే మనిషిని పట్టుకుంటుంది. చేయకపోతే చికాకు, చేస్తున్నంతసేపూ లోపల అపరాధ భావం, అయినా ఆపలేకపోవడం. ఇంటర్నెట్ వాడకం మీద అదే ఏడాది వచ్చిన ఒక పరిశోధనలో, రెండో రకం మక్కువ ఉన్నవాళ్లకు భాగస్వామితో గొడవలు ఎక్కువని తేలింది. కాబట్టి ఎన్ని గంటలు ఆడుతున్నారన్న ప్రశ్న కన్నా, ఇంట్లో జ్వరం వచ్చిన రోజు మానేయగలుగుతున్నారా అన్న ప్రశ్న ఎక్కువ చెప్తుంది.

వీడియో గేమ్‌ల మీద 2012లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 349 జంటలతో చేసిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది. ఆటాడే భాగస్వామి ఉన్నవాళ్లలో 75 శాతం మంది, ఆ శ్రమ కాస్త సంసారం మీద పెడితే బాగుండునని కోరుకున్నారు. ఇద్దరూ ఆడే జంటల్లో మాత్రం 76 శాతం మంది ఆట వల్ల తమ బంధానికి మేలే జరిగిందన్నారు. బంధాన్ని దెబ్బతీసింది ఆడిన గంటల సంఖ్య అన్నట్టు కనిపించలేదు. ఆట గురించిన కీచులాటలు, ఇద్దరూ వేర్వేరు వేళల్లో పడుకోవాల్సి రావడం దెబ్బతీశాయి. గేమ్ కోసం రాత్రి రెండింటి దాకా కూర్చునేవాళ్లు "నేను ఇంట్లోనే ఉన్నాగా" అంటారు. పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్న మనిషిని ఇంట్లో ఉన్నట్టు లెక్కేయాలా అన్నది ఎదుటివాళ్లను అడిగి తెలుసుకోవడం మంచిది.

హాబీ కొన్నిసార్లు తప్పించుకునే దారి అవుతుంది. బిడ్డ పుట్టిన మూడో నెలలో ఉన్నట్టుండి మారథాన్ శిక్షణ మొదలుపెట్టిన తండ్రి, అత్తగారు ఊళ్లో ఉన్న పది రోజులూ రోజూ ఏదో ఒక మీటింగ్ పెట్టుకున్న కోడలు, ఇద్దరూ పరుగు మీదో మీటింగ్ మీదో ఇష్టంతోనే వెళ్తున్నారని చెప్పలేం. అలాంటప్పుడు గంటలు తగ్గించమని బేరమాడితే ప్రయోజనం ఉండదు. తండ్రికి రాత్రుళ్లు నిద్ర లేక పిచ్చెక్కిపోతోందేమో. కోడలికి ఇంట్లో ఊపిరాడటం లేదేమో. మాట్లాడాల్సింది అది.

బేరం ఎక్కడ చెడుతుంది

వెళ్లబోయే ముందు గుమ్మం దగ్గర మొదలైన చర్చ ఎప్పుడూ చెడుతుంది. అప్పటికే ఒకరి చేతిలో బ్యాగు ఉంటుంది, బయట ఎవరో ఎదురుచూస్తుంటారు. అప్పుడు ఒప్పుకుంటే లొంగిపోయినట్టు, కాదంటే నలుగురిలో పరువు తీసినట్టు. తిరిగొచ్చాక చర్చ పెడితే అది విచారణలా ఉంటుంది.

ఇంకో చోట కూడా చెడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆండ్రూ క్రిస్టెన్‌సెన్, క్రిస్టఫర్ హీవీ 1990లో వర్ణించిన ఒక తీరు జంటల గురించి చదివినవాళ్లకు పరిచయమే. మార్పు కావాలనుకునేవాళ్లు వెంటపడి అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలనుకునేవాళ్లు మాట తప్పిస్తారు. ఎంత వెంటపడితే అంత తప్పించుకోవడం, ఎంత తప్పించుకుంటే అంత వెంటపడటం. ఆదివారాల విషయంలో వెళ్తున్నవాళ్లకు ఇప్పటి ఏర్పాటు బాగానే ఉంది, మార్చమని అడగాల్సిన అవసరం వాళ్లకు లేదు. అందుకని సణిగేవాళ్లన్న పేరు ఎప్పుడూ ఇంట్లో ఉండిపోయినవాళ్లకే వస్తుంది. "ఎప్పుడూ అదే గోల" అని విసుక్కునేవాళ్లు, ఒక్కసారి తామే ఆ విషయం ఎత్తితే ఏమవుతుందో చూడొచ్చు. "వచ్చే నెలంతా నా రైడ్‌లున్నాయి, నీకు ఏ రోజులు కావాలి?" అని ముందుగా అడిగితే, ఆ గోలలో సగం పుట్టనే పుట్టదు.

ఒప్పుకోవడంలో కూడా రకాలున్నాయి. ఎమిలీ ఇంపెట్, షెల్లీ గేబుల్, లెటీషియా పెప్లౌ 2005లో ప్రచురించిన పరిశోధనలో ప్రేమబంధంలో ఉన్నవాళ్లు రోజువారీ చేసే చిన్న చిన్న త్యాగాలను గమనించారు. ఎదుటివాళ్లు సంతోషపడాలని సర్దుకున్న రోజుల్లో మనసు బాగుంది, బంధమూ బాగుంది. గొడవ ఎందుకులే అని సర్దుకున్న రోజుల్లో చికాకూ పెరిగింది, ఏ గొడవను తప్పిద్దామనుకున్నారో అదీ పెరిగింది. "నీ ఇష్టం, వెళ్లు" అని ముఖం తిప్పుకుని అన్నది ఈ రెండో రకం. దాన్ని అనుమతిగా తీసుకుని వెళ్లిపోవడం తేలిక. నిజంగా కాదనే హక్కు ఎదుటివాళ్లకు ఉన్నప్పుడే వాళ్ల అవుననడానికి విలువ. "ఈ వారం కాదు, నాకు చేతకావడం లేదు" అన్నా ఏ మూతి విరుపులూ లేని ఇంట్లో, "వెళ్లొచ్చెయ్" అన్న మాట కూడా మనస్ఫూర్తిగా వస్తుంది.

ఆచరణలో పనిచేసేవి చాలా మామూలు ఏర్పాట్లు. ప్రతిసారీ అడగడం కన్నా, వారంలో ఒక పూట ఒకరిది, ఒక పూట ఇంకొకరిది అని స్థిరంగా రాసిపెట్టుకోవడం మేలు. స్థిరంగా ఉన్నదానికి దరఖాస్తు అక్కర్లేదు. ఆ పూటను గుమ్మం నుంచి గుమ్మం దాకా, వచ్చాక పడుకునే నిద్రతో సహా లెక్కేయాలి. ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్లు ఇంటిని పూర్తిగా తీసుకోవాలి. మందు ఎన్ని ఎంఎల్ అన్నది సీసా మీద చూసుకోవాలి. కొన్ని పనులు వెళ్లినవాళ్లు చేసే పద్ధతిలో జరగకపోవచ్చు, పిల్లవాడు రెండు వేర్వేరు సాక్సులు వేసుకుని తిరగొచ్చు. తిరిగొచ్చినవాళ్లు ఆ సాక్సుల మీద వ్యాఖ్యానం చేయకుండా ఉండటం కూడా ఒప్పందంలో భాగమే. ఇది చెప్పినంత తేలిక కాదు. ఇంటిని చాలా ఏళ్లు ఒంటి చేత్తో నడిపినవాళ్లకు దాన్ని ఇంకొకరికి వదిలిపెట్టడం చాలా కష్టం.

గంటకు గంట సమానంగా ఉండాలన్న పట్టుదల మాత్రం మంచిది కాదు. ఒకరికి వారానికి మూడుసార్లు మనుషుల మధ్య ఉంటే తప్ప తోచదు. ఇంకొకరికి అందరూ బయటికి వెళ్లిన ఇంట్లో రెండు గంటలు ఒంటరిగా ఉండటమే పండగ. అలాంటివాళ్లకు "నువ్వు కూడా ఎక్కడికైనా వెళ్లు, నేనేం వద్దన్నానా" అనడం సాయం కాదు. పిల్లల్ని తీసుకుని ఆ మాట అన్నవాళ్లే బయటికి వెళ్లాలి. దంపతుల మధ్య తగువుల్లో దాదాపు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తీరనివేనని జంటల మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ అంటారు, అవి స్వభావాల తేడాల్లోంచి వచ్చేవి కాబట్టి. జనం కావాలనుకునే మనిషి, జనం వద్దనుకునే మనిషి కాపురంలో ఈ బేరం ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంటుంది. దానికి కంగారు పడాల్సింది లేదు.

డబ్బు సంగతి మర్చిపోవడం తేలిక. కెమెరా లెన్సులకు ఇంటి డబ్బు వెళ్తుంటే, పార్కులో నడకకు వెళ్లేవాళ్లు తమ హాబీకి ఖర్చు లేదని గర్వపడొచ్చు గానీ, ఏదో ఒకనాడు ఆ లెన్సు ధర వాదనలోకి వచ్చే తీరుతుంది. ఇద్దరికీ చెరికొంత, అడగక్కర్లేని డబ్బు ఉంటే ఈ భాగం చాలావరకు సద్దుమణుగుతుంది.

భాగస్వామి స్నేహితుల్లో ఒకరు నచ్చకపోవడం మామూలే. నచ్చలేదని చెప్పొచ్చు, వాళ్లను కలిసే సాయంత్రం తాను రానని చెప్పొచ్చు. వాళ్లతో మాట్లాడొద్దనడం, ఫోన్ తీసి చూడటం, వెళ్లిన ప్రతిసారీ వారం రోజులు మాట్లాడకుండా సాధించడం, బయట ఉన్నంతసేపూ లొకేషన్ పెట్టమనడం బేరం కిందికి రావు. మనిషిని స్నేహితుల నుంచి, పుట్టింటివాళ్ల నుంచి మెల్లగా విడదీయడం హింసాత్మక బంధాల్లో మొదట కనిపించే లక్షణాల్లో ఒకటి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నాటి చట్టం భాగస్వామిని ఇలా అదుపులో పెట్టుకునే ప్రవర్తనను నేరంగా గుర్తించింది. ఈ వ్యాసంలో పైన చెప్పిన ఏ ఏర్పాటూ అలాంటి ఇంట్లో పనిచేయదు. ఎందుకంటే అక్కడ రెండోవాళ్లకు కాదనే వీలు లేదు. అక్కడ కావలసింది బయటి సాయం.

మిగతా ఇళ్లలో ఒకసారి కుదిరిన ఒప్పందం ఎల్లకాలం సాగదు. రాత్రి పూట పాలు పట్టాల్సిన బిడ్డ ఉన్నప్పుడు వారానికి ఒక పూట దొరకడమే గొప్ప. అదే బిడ్డ స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టాక కూడా పాత లెక్కే నడుస్తుంటే, ఎవరో ఒకరు అనవసరంగా ఇంట్లో కూర్చుంటున్నట్టు. ముసలి తల్లిదండ్రులు ఇంటికి వచ్చి చేరినప్పుడు, ఒకరి ఉద్యోగం పోయినప్పుడు, రిటైరైనప్పుడు మళ్లీ కూర్చోవాలి. రిటైర్మెంట్‌లో కథ తిరగబడటం కూడా చూస్తుంటాం. ముప్ఫై ఏళ్లు ఆఫీసులోనే స్నేహాలన్నీ పెట్టుకున్న మనిషికి ఒక్కసారిగా రోజంతా ఖాళీ. అవతల భార్యకు మంగళవారం లైబ్రరీ, గురువారం యోగా, శనివారం స్నేహితురాళ్లు, అన్నీ ఏళ్లుగా కష్టపడి నిలబెట్టుకున్నవి. "నేనూ వస్తా" అంటాడాయన. శనివారం వద్దని చెప్పి మంగళవారం లైబ్రరీకి తీసుకెళ్లడంతో ఆవిడ మొదలుపెట్టొచ్చు. ఆయన గంటల లెక్క ఆయన వేసుకోవాలి. కొత్త స్నేహానికి 200 గంటలంటే, రోజుకు ఒక గంట నడకలో తోడు దొరికినా ఆరేడు నెలల పని.